మన పిల్ల అని తగ్గించిన రెండు మార్కులు

పోయిన వారం మా ఊరి మహిళల ఐస్ హాకీ జట్టువాళ్ళు, కొత్తగా పైకొస్తున్న పిల్లలను అంచనా వేయడానికి నాకు ఈ ఏడాది ఫారం పంపారు. వేగానికి ఇన్ని మార్కులు, మలుపుకు ఇన్ని, ఓర్పుకు ఇన్ని అని పాతవన్నీ అలాగే ఉన్నాయి గానీ, అడుగున మాత్రం ఈ క్రీడాకారిణి కుటుంబంతో మీకు బంధుత్వం గానీ స్నేహం గానీ ఉన్నదా, ఉంటే టిక్కు పెట్టి తప్పుకోండి అని ఒక గడి చేర్చారు. ఈ పరాయి దేశంలో మేముండే పేట క్రెయిగీబర్న్‌లో, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ గడి వంక చాలాసేపు చూశాను. పన్నెండేళ్ళ కిందట ఇలాంటిది ఉండి ఉంటే నేనొక తప్పు చేయకుండా ఉండేదాన్ని.

ఒంగోలులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసిన మనిషికి మంచు మీద ఆడే ఆటతో ఏం పని అని మీరడగవచ్చు, మా ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు దొరికిన ఉద్యోగం ఐస్ రింకులో స్కేట్లు అద్దెకిచ్చే కౌంటరులో. పొద్దస్తమానం చెమట కంపు కొట్టే ఆ బూట్లు అందుకుంటూ, తుడుస్తూ, గాజు గోడకు అవతల ఆడే పిల్లల్ని చూస్తూ ఉండేదాన్ని. ఏళ్ళ తరబడి ఖో-ఖో ఆడించిన కళ్ళు కదా, ఊరుకోవు. నల్లటి రబ్బరు బిళ్ళను కర్రతో కొట్టే ఆ ఆటలో బిళ్ళ ఎవరి దగ్గరుంటే అందరూ వాళ్ళనే చూస్తారు. నేను దాన్ని పోగొట్టుకున్న పిల్లను చూసేదాన్ని. పోగానే తల వేలాడేసేది ఎవరు, కర్ర నేలకేసి కొట్టేది ఎవరు, మాట్లాడకుండా వెనక్కి తిరిగి పరుగెత్తేది ఎవరు అని. ఒకరోజు కోచ్‌తో, కెనడా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ, నవ్వడం అంతగా అలవాటు లేని మనిషి, ఫలానా పిల్ల ఆటలో చివరిదైన మూడో భాగానికల్లా చేతులెత్తేస్తుంది చూడండి అని నోరు జారాను. అలాగే జరిగింది. మరుసటి ఏడాది ఎంపికకు కూర్చునే ముగ్గురిలో నన్నూ కూర్చోబెట్టారు.

ఇరవై మంది పిల్లల్ని మూడు వారాలు ఆడించి ఐదుగురిని పెద్ద జట్టుతో సాధనకు తీసుకునేవారు. పదిహేడు దాటితే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ ఏడాది ఇరవై మందిలో పదిహేడేళ్ళ పిల్ల ఒకతి ఉంది, మా పేటలో సరుకుల దుకాణం నడిపే కర్నూలు భాయి కూతురు. బియ్యం బస్తాల వెనకాల స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకునేటప్పటి నుంచీ నాకు తెలుసు. అది అచ్చమైన ఇంగ్లీషులో బదులిచ్చేది గానీ, తెలుగులో తిడితే మాత్రం ప్రతి ముక్కా అర్థమయ్యేది. భాయి బియ్యం బస్తా తానే మోసుకొచ్చి నా కారులో పెట్టి, సంచీలో పిడికెడు కరివేపాకు ఊరికే వేసేవాడు. ఎంపికలు మొదలైన రోజు నుంచీ ఆ పిడికెడు ఆకు మానేశాడు. ఏం భాయీ, చెట్టు ఎండిందా అని ఎగతాళి చేస్తే, ఆయన నవ్వలేదు.

"ఇప్పుడొద్దులే అక్కా. మా పాప పేరు మీ చేతిలో ఉండాది. ఎవురన్నా చూస్తే బాగుండదు."

ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, దాంతోపాటు భయం కూడా పెరిగింది. ఇక ఆ పిల్ల మంచు మీదికి వస్తే చాలు, క్రెయిగీబర్న్ అంతా నా భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టే ఉండేది. తన వాళ్ళ పిల్లకు తనే మార్కులు వేసుకుంది అంటారేమోనని. ఒంగోలులో అయితే ఆ పిల్లను మన పిల్ల అని ఉండేదాన్నో లేదో దేవుడికెరుక, ఇక్కడ మాత్రం నిక్కచ్చిగా మన పిల్లే. అందుకే నా కళ్ళు పదికి ఎనిమిది చూస్తే నా చెయ్యి ఆరు వేసింది. మూడు వారాలూ అంతే. చివరి కాగితం ఇచ్చేసి, చాలా నిజాయితీగా ఉన్నానని మురిసిపోతూ బస్సెక్కాను.

బస్సులో మా నాన్నగారు గుర్తొచ్చారు. నేను చదివిన బడికి ఆయనే హెడ్మాస్టరు. జిల్లా ఖో-ఖో జట్టు జాబితాలో డ్రిల్లు మాస్టారు రాసిన నా పేరును, తన కూతురన్న ఒకే ఒక్క కారణంతో, ఎర్ర సిరాతో కొట్టేశారు. ఊరంతా ఆయన్ను ధర్మరాజన్నారు. నేను రెండు పూటలు అన్నం మానేశాను. పేరు ఆయనకొచ్చింది, ఆట నాకు పోయింది. ఇన్నేళ్ళకు, ఇంత దూరం వచ్చి, నేనూ అదే పని చేశానని తెలిసేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

రేపు పొద్దున్నే వెళ్ళి కోచ్‌కు చెప్పేస్తానంటే మా ఆయన, ఆ పిల్ల తండ్రే నోరెత్తడం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని వేళాకోళమాడారు. దురద కాదు, తప్పు చేసింది నేను అన్నాను. పట్టు పడితే వదలని మొండితనం మా నాన్నగారి నుంచే వచ్చింది, ఆ ఒక్కసారి దాన్ని ఆయనకు వ్యతిరేకంగా వాడాను.

కోచ్ అంతా విని, ఏ కారణంతో తగ్గించావో ఆ కాగితం మీదే రాసి సంతకం చెయ్యమన్నది. మిగిలిన ఇద్దరి ఎదుట, మా వాళ్ళ పిల్ల కాబట్టి తగ్గించాను అని ఇంగ్లీషులో రాస్తుంటే చెవులు మండిపోయాయి. తగ్గించిన రెండూ కలిపేస్తారనుకున్నాను. కలపలేదు. ఆ పిల్ల విషయంలో నా లెక్కే వద్దని, మిగిలిన ఇద్దరి సగటే తీసుకున్నారు. అలా చూస్తే ఆమె ఐదోది. ఎంపికైంది. ఆ ఏడాదికి మాత్రం నన్ను మళ్ళీ కౌంటరుకే పంపారు, అది న్యాయమే. భాయికి గానీ, పిల్లకు గానీ నేనేమీ చెప్పలేదు.

ఆ పిల్ల పదేళ్ళకు పైగా ఆడింది. మొన్నటి చలికాలంలో మోకాలు దెబ్బతిని, డాక్టర్లు ఇక వద్దన్నారు. ఆ వారం దుకాణానికి వెళితే తండ్రి పక్కనే నిలబడి ఉంది. ఇక దాచడం దేనికని, ఆరు మార్కుల కథంతా చెప్పి క్షమించమన్నాను. కోప్పడుతుందనుకున్నాను. అది మాత్రం "సో, వాట్ డిడ్ యూ సీ, ఆంటీ?" అన్నది. అసలు నాలో అప్పుడేం చూశారో చెప్పండని.

అప్పుడర్థమైంది, ఆ పిల్ల ఆట బాగుంటుందని ఆమె ఎదుట మేమెవ్వరం ఎన్నడూ అనలేదని. తండ్రి అనలేదు, దిష్టి తగులుతుందని. నేను అనలేదు, పక్షపాతమంటారని. అప్పటిదాకా, రింకులో గాజు గోడకు అతుక్కుపోయి, పడినా లేచినా తమ పిల్లల్ని పొగిడే ఈ కాలపు తల్లులను చూసి నేను విసుక్కునేదాన్ని. మన తరంవాళ్ళం పిల్లల్ని చాటున మెచ్చుకుని ఎదుట గదమాయించాం, అదే పెంపకమనుకున్నాం. ఆ పద్ధతి పోయినందుకు నాకిప్పుడు బెంగ లేదు, దాన్ని నమ్మి వాళ్ళకు ఇవ్వకుండా దాచుకున్న మాటలకే బెంగ.

చెప్పాను. బిళ్ళ పోగానే ఎలా తిరిగేదో, తనకంటే రెండింతలున్న పిల్లల మధ్యకు తల దించకుండా ఎలా వెళ్ళేదో, పడితే ఎవరి వంకా చూడకుండా ఎలా లేచేదో, గుర్తున్నదంతా చెప్పాను. భాయి అటు తిరిగి, సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దుతూ ఉండిపోయాడు. కూర్చోవే, కాలు నొప్పి కదా అని స్టూలు లాగాను. కూర్చోలేదు. ఇక ఆడబోని ఆట గురించి చివరి మాట దాకా నిలబడే విన్నది.