ఎండాకాలంలో గొంగడి

దేవరకొండ చుట్టుపక్కల కురుమ బక్కమ్మ వంటి గొర్లకాపరి మరొకరు లేరు. కడుపులో అడ్డం తిరిగిన గొర్రెపిల్లను కూడా ప్రాణంతో బయటికి తీసిన చేయి ఆమెది. తల్లిలేని తోడేలు పిల్లకు మేకపాలు పట్టి సాకిందీ ఆమే. అది పెరిగి గుట్టకెక్కినా, ఆమె గొంగడి వాసన తగిలితే చాలు, పొదల్లోంచి దిగి వచ్చేది. మరెవరికీ కనిపించేది కాదు.

1958 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఆమె మనసుపడి చేసుకున్న మొగుడు గుర్వయ్య వచ్చి, "జర నీ గొంగడియ్యే, గుట్టదాక పోయొస్త" అన్నాడు.

"గీ ఎండల గొంగడెందుకయ్యా? నీది ఎలుకలు కొట్టినయా?"

"పొద్దుగూకితే సలి పెడ్తది."

బక్కమ్మ అతని ముఖంలోకి చూసింది. గుట్ట మీది తోడేలును చంపినవారికి ఊరి పటేలు పొట్టేళ్ల జత ఇస్తాడని పొద్దున బావి దగ్గర విన్నది.

"నేనే కప్పుకొని వస్త, పా."

"నువ్వెందుకే" అంటూ గుర్వయ్య అరుగు మీద కూలబడి, చెప్పు వారు సరిచేసుకోసాగాడు.

ఆమె గొంగడి భుజాన వేసుకొని, మందను తోలుకొని మేతకు కృష్ణ ఒడ్డుకు బయలుదేరింది. గుట్ట దాటాక తోడేలు దూరంగా వెంట నడిచింది. అయినా గుర్వయ్య వస్తున్నాడేమోనని బక్కమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. మొగుడు తోడు లేకుండా అంతదూరం మందను నడిపిన మొదటి కురుమ ఆడది ఆమే.