శనివారం క్లాసు

తాను పనిచేసే కాగితం మిల్లు మూతపడిన ఏడాదికి తైమి మళ్లీ బడి మెట్లెక్కింది. నలభై నాలుగేళ్ల మనిషి. పగలంతా పని వెతుక్కుంటూ, వారానికి రెండు సాయంత్రాలు ముసలివాళ్లకు సేవ చేయడం నేర్పే చదువు చదివేది. ఇల్లు గడిచేది నిరుద్యోగ భృతి మీదే. చదువు సాయంత్రాలకే పరిమితం కావాలి, పని దొరికితే వెంటనే చేరాలి అన్నది భృతి ఇచ్చే ఆఫీసువాళ్ల షరతు. పగలు కూడా క్లాసులకు పోయేవాళ్లకు భృతి ఆపేస్తారు. భృతి ఆగితే తైమి చదువూ ఆగినట్టే.

ఒకరోజు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చదువు గంటల గురించి మాట్లాడాలి, వచ్చే వారం రమ్మని పొడిగా చెప్పి పెట్టేశారు. తాను పగలు కూడా క్లాసులకు పోతోందని ఎవరో చాడీ చెప్పారనుకుంది తైమి. బడిలో చేరిన రోజే సాయంత్రం చదువు సంగతి తానే ఆఫీసులో చెప్పి వచ్చింది కదా, అది మాత్రం గుర్తుకు రాలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

పై అంతస్తులో ఉండే కెర్తు మీదకు పోయింది ఆ అనుమానం. కెర్తు వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తుంది. తైమి పొద్దున్నే సంచి తగిలించుకుని లైబ్రరీకి బయల్దేరితే కిటికీలోంచి పలకరిస్తుంది. ఇన్నేళ్లూ మంచితనంగా తోచిన ఆ పలకరింపు ఇప్పుడు కాపలాలా తోచింది. ఇవాళ ఏ పుస్తకం, పరీక్షలెప్పుడు అని అడగడం దేనికి? ఈమెకెందుకు నా చదువు?

బుధవారం సాయంత్రం వాళ్లుండే భవనంలోని ఆడవాళ్లు ఆవిరి స్నానానికి కింది అంతస్తు ఆవిరిగదిలో కలుస్తారు. బట్టలు, హోదాలు, అబద్ధాలు మూడూ బయటి కొక్కేనికి తగిలించి లోపలికి రావాలన్నది అక్కడి పద్ధతి. ఆ రోజు మిగతావాళ్లు వెళ్లాక కెర్తు ఆవిరి కోసం వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ, శని ఆదివారాలు నీకు ఖాళీయేనా అని అడిగింది.

దొరికావులే అనుకుంది తైమి. ఈమెకు ఒక దొంగమాట అందిస్తే సరి, అది ఆఫీసులో వినబడితే చాడీలు మోసిందెవరో తేలిపోతుంది.

"ఖాళీ ఎక్కడిది? శనివారం కూడా పొద్దుట్నించి క్లాసే" అంది కళ్లు దించకుండా.

కెర్తు ముఖం చిన్నబోయింది. అది కూడా నటనే అనుకుంది ఈ మహాతల్లి.

పిలిచిన రోజున ఆఫీసులో కుర్ర ఉద్యోగి సాయంత్రం క్లాసుల గంటలు అడిగి రాసుకున్నాడు. ఆ బడిలో చదివేవాళ్లందరినీ ఇలాగే పిలుస్తున్నామన్నాడు. నా గురించి ఇంకేమైనా విన్నారా అని తైమి ఉండబట్టలేక అడిగింది. అతను వింతగా చూసి, ఎవరి దగ్గర వింటానండీ అన్నాడు. భృతికి ఢోకా లేదు. తైమికి మాత్రం సంతోషానికి బదులు సిగ్గేసింది.

మళ్లీ బుధవారం ఆవిరిగదిలో కెర్తు తనే మాట కదిపింది.

"మా ఆశ్రమంలో శని ఆదివారాలకి మనిషి కావాలన్నారే. నీ పేరే చెప్పా. చదువైపోతే పర్మనెంట్ కూడా చేస్తారంట. కానీ శనివారం నీకు క్లాసు కదా, దాస్తే ఎలా? అదీ చెప్పేశా. నిన్న ఇంకో అమ్మాయిని తీసేసుకున్నారు."

తైమి ఊరుకుంటే సరిపోయేది. ఎందుకో ఊరుకోలేకపోయింది.

"శనివారం నాకు క్లాసు లేదు, కెర్తూ."

"లేదా? మరి ఉందన్నావేం?"

"ఆఫీసులో నా మీద నువ్వే చెప్పావనుకున్నా. నిజమో కాదో తెలుసుకుందామని అలా అన్నా."

కెర్తు చేతిలోని గరిటె నీళ్లు రాళ్ల మీద పోయకుండా బకెట్లోకే ఒంపేసింది. కోప్పడినా తైమికి కాస్త తేలికగా ఉండేది.

"అడిగుంటే చెప్పేదాన్ని కదే" అని, తువ్వాలు చుట్టుకుని బయటికి వెళ్లిపోయింది.