మా బోటి సారు

మా బోటి సారు పోయాడు. దినానికి వెళ్తే అక్కడెవరో అన్నారు: “పాపం, పేగులు వట్టుకొనే బతుకంత ఎల్లదీసిండు.” గెలిచిన మనిషిని పట్టుకొని పాపమేంది? అందుకే నేను చెప్తున్నాను, నా మనవరాలు రాస్తోంది.

నిజామాబాద్ మటన్ మార్కెట్లో బోటి, అంటే మేక పేగులు, కడిగి అమ్మి బతికినదాన్ని నేను. సారు కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాడు. మాంసం ముట్టడు. అయినా స్టీలు డబ్బాలో ఐసు వేసుకొని నా దగ్గరికి వచ్చేవాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజులవి. ఊరి నుంచి వస్తే నాకో చెరుకు గడ తెచ్చేవాడు.

“అక్కా, కడగకుండ ఇయ్యి.”

“కడగని బోటి కుక్క గూడ ముట్టది సారూ!”

“నువ్వు పారవోసే జిగురే నాకు గావాలె.”

ఆ జిగురులో కంటికి ఆనని పొరల ఉండలుంటాయట. పేగు గోడలోని కణాలే వాటిని తయారుచేసి వదులుతాయట. తిన్న కొవ్వు ఒంట్లోకి చేరడానికి సాయపడతాయి, గోడకు పూతలా ఉండి కాపాడతాయి అనేవాడు. “పేగు తీసుకునుడే కాదక్కా, ఇస్తది గూడ” అన్నది ఆయన మాట.

పట్నం నుంచి వచ్చిన పెద్ద సారు ఒకాయన కొట్టిపారేశాడు. అవి కణాలు వదిలినవి కావట, బోటి తీసే ఆడదాని మొరటు చేతుల్లో చిరిగిన తునకలట! ఆ ఒక్క మాటతో మా సారు అన్నేళ్ల కష్టం నీళ్లపాలయ్యేటట్టయింది. నాకు ఒళ్లు మండింది.

“నా చెయ్యి చింపుతదా?”

“చూద్దాం అక్కా. ఒక మేకకు నూనె తాపుదం, ఒకదానికి నీళ్లు. రెండూ నువ్వే తియ్యి. చెయ్యి చింపితే రెండిట్ల ఒక్కతీరుగుంటయి. నూనె తాగినదాంట్ల ఎక్కువుంటే, కొవ్వు జూసి పేగే వదిలినట్టు.”

“గా పెద్ద సారు నిలవడి సూడాలె మరి.”

ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. ఒకే కత్తి, ఒకే చెయ్యి. జిగురును పెద్ద యంత్రం కింద చూడటానికి పట్నం పంపారు.

కొన్నాళ్లకు సారు మార్కెట్లోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అక్కా! నూనె తాగినదాంట్ల కుప్పలు కుప్పలు! రెండోదాంట్ల జరన్నే!”

“పెద్ద సారేమన్నడు?”

“తనకు గూడ ఓ బోటి ఇప్పియ్యమన్నడు.”

“కడిగిందా, కడగందా?”

మార్కెట్టంతా పగలబడి నవ్వింది. పట్టలేని సంతోషంతో మా సారు వీపు మీద ఒక్కటి చరిచాను. తెల్ల చొక్కా మీద నా అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి. తుడుస్తానంటే తుడవనివ్వలేదు. వీపున ఆ జిగురు ఎండకు తళతళ మెరుస్తుంటే, బజారు నడుమ నుంచి తలెత్తుకొని నడిచిపోయాడు.