విమానం చేరింది, బస్సు చేరలేదు

మా మహేంద్రమంగళంలో ఆ కాలాన దూరాన్ని చీపురుతో కొలిచేవాళ్లం. ఇంట్లోంచి ఎవరైనా బయలుదేరితే, వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడవకూడదు. ధర్మపురికైతే ఒక పూట. ఢిల్లీకైతే, రైలు లెక్కన, రెండు రోజులు చీపురు తలుపు మూలన ఉండవలసిందే (కోళ్లకు పండగ).

పెళ్లయిన ఏడాదికి మా ఆయనకు ఢిల్లీలో టైల్స్ పని దొరికింది. కట్టడం తొందరగా ముగించాలని మేస్త్రీ పనివాళ్లందరికీ బెంగుళూరు నుంచి విమానం టికెట్లు తీశాడు. పదిహేడు వందల కిలోమీటర్లు రెండున్నర గంటల్లో పోతుందని మా ఆయన చెబితే అత్త ఒప్పలేదు. "ఎంత బిరబిరా పోతే ఏమి, దూరం అంతే కదా" అంది. చివరికి, చేరానని పక్కింటికి ఫోను వస్తే ఊడవమంది. ఈ పయనం ఏ అడ్డూ లేకుండా జరిగితే ఆడి నెల, అంటే తమిళ లెక్కన ఆషాఢం, పోగానే నన్నూ ఢిల్లీకి పంపుతానంది. అంతకంటే నాకేం కావాలి?

కొడుకును సాగనంపడానికి అత్త కూడా బెంగుళూరు పోయింది. ఆవులున్నాయి గనుక నేను ఇంట్లో ఉండిపోయాను. ఒంటిగంటకు ఫోను వచ్చింది, క్షేమంగా దిగాడట. ఆ సంతోషంలో వాకిట్లోని చింతకాయ పెంకులన్నీ ఊడ్చి దిబ్బలో పోసి, అద్దంలా ఉన్న ఇంటిని చూసుకుంటూ అత్త మెప్పుకోసం కూర్చున్నాను.

సాయంకాలం అత్త వచ్చి గడప బయటే నిలబడిపోయింది. తిరిగి వచ్చే దారిలో రాయకోట దగ్గర బస్సు పంచరయిందట.

"ఎప్పుడు ఊడ్చినావే?"

"ఫోను వచ్చినాక, ఒంటిగంటకు అత్తా."

"ఒంటిగంటకే టైరు పోయింది. వాడు చేరినాడు సరే, నేను దారిలో లేనా? నేను మనిషిని కానా?"

ఢిల్లీ విమానం కంటే బెంగుళూరు బస్సు వెనక చేరుతుందని మా ఇద్దరికీ తట్టనే లేదు. నా ఢిల్లీ అంతటితో సరి అనుకున్నాను. అత్త దిబ్బ దగ్గరికి పోయి, దోసెడు పెంకులు తెచ్చి వాకిట్లో చల్లి, తిన్నె మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగింది.

"ఇప్పుడు చేరినాను. ఊడ్చు ఇంక."

ఆడి పోగానే మాట తప్పకుండా నన్నూ విమానంలోనే పంపింది. దిగగానే ఫోను చేసి, ఇల్లు ఊడ్చుకోమని గొప్పగా చెప్పాను. మర్నాడు మళ్లీ చేస్తే, మీ అత్త ఇంకా చీపురు ముట్టలేదని పక్కింటావిడ ఒకటే నవ్వు. అత్తను ఫోనుకు పిలిపించి ఎందుకని అడిగాను.

"ఏరోప్లేను చేరింది సరే. కొత్త ఊర్లో నీ మనసు చేరేకి రెండు దినాలు పట్టదా?"

నిజమే. తెలియని భాష, తెలియని వీధి, రెండు రోజులూ గది మూలనే కూర్చున్నాను. మూడో నాడు లేచి ఆ గది ఊడ్చాను.

ఇప్పుడు ఏ విమానం ఎక్కడుందో ఫోనులో నేనే చదువుకోగలను. అయినా మా ఇంట్లో ఎవరు బయలుదేరినా రెండు రోజులు చీపురు కదలదు. ఇది ఒట్టి సోమరితనం అంటారు మా ఆయన. (సగం నిజమే.)