రోలు ఒకరిది, పొత్రం ఒకరిది

పల్లెటూరి బతుకు చూడడానికి జనం ఎదురు డబ్బిచ్చి మరీ వస్తారని కూతురు ఫోన్లో చెబితే, ఊరందరికీ జాకెట్లు కుట్టే టైలరమ్మ ముందు నమ్మలేదు. ఈ బతుకు వద్దనే కదా ఆ పిల్లను పట్నం పంపి చదివించింది! ఇప్పుడు ఆ పిల్లే వీధి గదికి హోమ్‌స్టే అని పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో ఎక్కించి, "మొదటి జంట శనివారం వస్తున్నారమ్మా, ఇల్లు కాస్త పల్లెటూరిలా కనబడేటట్టు చూడు" అంది.

పల్లెటూళ్లో పుట్టి, పల్లెటూళ్లోనే జుట్టు నెరిసిన మనిషికి పల్లెటూరిలా కనబడడం ఎలాగో అర్థం కాలేదు. చివరికి గ్యాసు పొయ్యి మీద పాత చీర కప్పింది. మిక్సీని బీరువాలో పెట్టి తాళం వేసింది. పెరట్లో మూడు రాళ్లు పేర్చి కట్టెల పొయ్యి తయారు చేసింది. ట్రాక్టరు గడ్డివాము వెనక్కి పోయింది. దాన్ని తోలే మొగుడికి తలపాగా చుట్టుకోమని ఆజ్ఞ అయింది. ఆయన జన్మలో తలపాగా చుట్టి ఎరగడు. ఫోన్లో వీడియో చూసి చుట్టుకున్నాడు గానీ, తల పగిలి ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చినవాడిలా తయారయ్యాడు.

ఇంత హడావుడిలోనూ ఆమె కళ్లు మాత్రం పెరటి మధ్య గోడ మీదకే పోతున్నాయి. ఆ గోడకు అవతల ఆమె తోడికోడలు ఉంటుంది. ఒకప్పుడు గోడ లేదు. అత్తగారు పోయాక పంపకాలు జరిగాయి. గిన్నెలూ మంచాలూ పెట్టెలూ అన్నీ అయ్యాక రుబ్బురోలు ఒకటి మిగిలింది. నాకంటే నాకని ఇద్దరు కోడళ్లూ పట్టుబట్టారు. పొద్దు గూకేదాకా విని విసిగిపోయిన పెద్దమనుషులు రోలు పెద్దకోడలైన టైలరమ్మకు, దాని పొత్రం చిన్నకోడలికి ఇచ్చి, కలిసి వాడుకుని చావండని దులుపుకుని పోయారు. ఈ మహాతల్లులు కలిసి వాడుకుంటారా? ఇద్దరూ చెరో మిక్సీ కొనుక్కున్నారు. ఇక్కడ రోట్లో వాన నీళ్లు నిలిచి కాకులు తాగుతుంటే, అక్కడ పొత్రం తలుపుకు అడ్డంగా పడి ఉంది. అన్నదమ్ములిద్దరూ మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఒకే బల్ల మీద కూర్చుంటారు.

కొన్నాళ్లు తిట్టుకున్నారు. అది బాగానే ఉండేది. తర్వాత అదీ ఆగిపోయింది. ఏళ్లు గడిచాయి, ఒక్క మాట లేదు. టైలరమ్మకు పోయింది పొత్రం కాదు, వాదించడానికి మనిషి. మొగుడితో వాదిద్దామంటే ఆయన దేనికైనా సరేనంటాడు. సరే అనేవాడితో ఎంతసేపని పోట్లాడగలదు? ఆ చిన్నది ఒక్కసారి నోరు విప్పితే చాలునని ఆమెకు లోపల ఉంది. ముందు తను విప్పడానికి మాత్రం ప్రాణం పోయినా ఒప్పుకోదు.

శనివారం అతిథులు దిగారు. మొగుడూ పెళ్లాలు, ఇద్దరికీ ఒకే రకం టోపీలు. ఆయన అరుగు మీద కూర్చుని, "అబ్బ, ఈ నిశ్శబ్దం కోసమే వచ్చామండీ" అన్నాడు.

"మాకు కావలసినంత ఉందండీ, మూట కట్టి ఇస్తాను, పట్టుకుపోండి" అంది టైలరమ్మ.

అతిథుల ఇల్లాలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని, పొగకు బొటబొటా కన్నీళ్లు కార్చి, ఎంత సహజంగా ఉందోనని మురిసిపోయింది. టైలరమ్మ కూడా పక్కనే కన్నీళ్లు కార్చింది, ఆమెకూ కట్టెల పొయ్యి అలవాటు తప్పింది మరి. అంతలో ఆ ఇల్లాలు ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. "ఇందులో మీతో కలిసి రుబ్బుతున్నారే, ఆవిడ ఏరండీ? మేం ముఖ్యంగా ఇది చూసే వచ్చాం."

టైలరమ్మ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. గోడ కట్టకముందు తీసిన ఫోటో అది. కూతురు ఏమీ ఎరగనట్టు దాన్నే తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో పెట్టింది. పెంచిన పామే కాటేసిందనుకుని, పళ్లు నూరుకుంటూ మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"వెళ్లి పొత్రం అడిగి తీసుకురా. నేనడిగానని చెప్పకు."

"మరెవరడిగారని చెప్పను?"

"అతిథులడిగారని చెప్పు. నువ్వడిగావని చెప్పు. రోలు అడిగిందని చెప్పు!"

"సరే" అని ఆయన తలపాగా సర్దుకుంటూ వెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు పొత్రం ఆయన భుజం మీద ఉంది, వెనకాల చిన్నది ఉంది. "పొత్రాన్ని ఒంటరిగా పంపను బావగారూ, మీ ఇంటికొచ్చిన వస్తువు తిరిగొచ్చే నమ్మకం లేదు" అందట. వచ్చి తోడికోడలి వైపు చూడకుండా, టోపీ ఇల్లాలికి నమస్కారం పెట్టి, రోలు ముందు పీట వేసుకుని కూర్చుంది. పప్పు ఎలాగూ నానబోసి ఉంది. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు భయపడి ఏం లాభమనుకుని టైలరమ్మ కూడా ఎదురుగా కూర్చుంది.

చిన్నది పొత్రం తిప్పుతుంటే, పెద్దది చేత్తో పిండి లోపలికి తోస్తోంది. అత్తగారి హయాంలో రోజూ చేసిన పనే. పొత్రం అటు తిరిగేసరికి చెయ్యి ఇటు దూరాలి, ఇటు వచ్చేసరికి బయటికి రావాలి. ముఖాలు చెరో దిక్కున ఉన్నా చేతులు ఏ గొడవా ఎరగనట్టు కదిలాయి. అంతలో టైలరమ్మ కన్ను చిన్నదాని జాకెట్టు మీద పడింది. భుజం దగ్గర కుట్టు వంకర, చంక కింద పిగిలిపోయి ఉంది. తనతో మాటల్లేక, బస్సెక్కి పోయి ఎవడి చేతో కుట్టించుకుంటోంది! ఆ చూపులో పడి చెయ్యి తీయడం మరిచింది.

"తియ్యవే చెయ్యి! కళ్లు నెత్తికెక్కాయా?" అని అరిచింది చిన్నది, పొత్రాన్ని రెండు చేతులా ఆపేస్తూ.

టైలరమ్మ చెయ్యి తీసింది. వేళ్లు భద్రంగానే ఉన్నాయి. "నువ్వు తిన్నగా తిప్పితే ఈ గొడవెందుకు? తిప్పమంటే తిరగలి విసిరినట్టు విసురుతావు!"

"ఓహో, పిండి తోయడం నీ దగ్గరే నేర్చుకోవాలి ఊరంతా!"

టోపీల జంట చప్పట్లు కొట్టారు. పల్లెల్లో పని చేస్తూ ఇలాగే సరదాగా మాట్లాడుకుంటారు కాబోలనుకుని వీడియో తీశారు. పిండి నలిగేదాకా ఆ సరదా సాగింది. అత్తగారి గిన్నెలు, పెళ్లిలో చెయ్యని మర్యాద, ఎప్పుడో చచ్చిన మేక, అన్నీ రోట్లోకి వచ్చి పడ్డాయి. టైలరమ్మ ముఖం వెలిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అతిథులు కారెక్కారు. కారు మలుపు తిరిగిందో లేదో, చిన్నది పొత్రాన్ని చంకనెత్తుకుని, పలక్కుండా గోడ అవతలికి వెళ్లిపోయింది. ఆట అయిపోయింది. మొగుడు తలపాగా విప్పి దండెం మీద వేశాడు.

మళ్లీ అదే నిశ్శబ్దం. ఇదివరకు ఎలాగో భరించింది గానీ, ఒకసారి మాట రుచి చూశాక అది గొంతులో ముల్లులా తగులుకుంది. జాకెట్టు చేతికి బదులు మెడ కత్తిరించింది. తిన్న కూరలో ఉప్పు లేదన్న సంగతి రాత్రికి గానీ తెలియలేదు. కూతురికి ఫోను చేసి ఇంకెవరైనా వస్తున్నారా అని అడిగితే, ఇప్పట్లో ఎవరూ లేరంది. చివరికి ఒక సాయంత్రం ఆమె గోడ దగ్గరికి వెళ్లి, అటుపక్కన ఎవరూ లేనట్టుగా గాలికి చెప్పింది: "రేపు పొద్దున ఎవరో వస్తున్నారట. రుబ్బడం చూస్తారట."

అవతల నుంచి జవాబు లేదు. ఆ రాత్రి ఆమె తనను తాను తిట్టుకున్నంతగా తోడికోడల్ని కూడా ఏనాడూ తిట్టలేదు.

తెల్లవారి పొద్దెక్కాక తలుపు కిర్రుమంది. చిన్నది పొత్రంతో వచ్చి, దాన్ని రోలు పక్కన దించి, నడుం పట్టుకుని చుట్టూ చూసింది. కట్టెల పొయ్యి చల్లగా ఉంది. వీధి గది తాళం వేసి ఉంది.

"ఏరీ మీ దొరలు?"

టైలరమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు. కారు చెడిపోయిందని అనవచ్చు. నోరు రాలేదు. "ఎవరూ రావడం లేదు" అంది.

"నాకు తెలుసు" అంది చిన్నది. "అబద్ధం చెప్పడం నీకెప్పుడు చేతనైంది గనక!"

"తెలిసీ ఆ బరువు ఎందుకు మోసుకొచ్చావే?"

చిన్నది వంగి రోట్లోకి చూసింది. రోలు ఖాళీగా ఉంది. పక్కన గిన్నె కూడా ఖాళీగానే ఉంది.

"పప్పయినా నానబోశావా?"

"లేదు."

"మరి ఏం రుబ్బమంటావు, నీ తలా?" అని విసుక్కుంటూ, పీట లాగి కూర్చుంది. "లే, వెళ్లి నానబొయ్యి. అది నానేదాకా ఇక్కడే ఉంటాను."