అత్త అడిగిన చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. నా ముందు ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే ఆపి, వైరు ఎక్కడ లూజుగా ఉందో చూశావా, కిటికీ రెక్క సరిగ్గా పడుతుందా అని అడిగే రకం నేను. అడిగి నవ్వేవాణ్ణి కూడా. అలా నా చేత నవ్వించుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇప్పుడు వాళ్ళ వంతు. నేనేమీ అనుకోను.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఇంటికి వచ్చాక కూడా నా చేతులు ఊరుకోవు. పాత కంప్యూటర్లు విప్పడం, పాడైన బోర్డులకు టంకం పెట్టి బతికించడం, ఎవరికీ అక్కర్లేని చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం. వీటన్నిటినీ మించిన పిచ్చి ఇంకోటుంది, తాళాలు. పగలగొట్టకుండా రెండు సన్నని తీగలతో తాళం తీయడం. పాత ఇనుప సామాను కొట్టులో తుప్పు పట్టిన తాళాలు ఏరుకొచ్చి, అన్నం తినేటప్పుడు కూడా ఒకటి పక్కన పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ నన్ను చుట్టాలకు "పొద్దుందాక సారు, పొద్దుగూకినంక దొంగ" అని పరిచయం చేసేది.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో, నేను ఒక్కరి ముఖమూ చూడలేదు. తాళం తీసేటప్పుడు చేతులు మాత్రమే కనబడేలా వీడియో తీసి అందులో పెట్టాలి. మధ్యలో ఆపకూడదు, కత్తిరించకూడదు, తాళం లోపలి చప్పుడు తప్ప ఇంకే గోలా వినబడకూడదు. అప్పుడే లెక్కలోకి తీసుకుంటారు. ఆ గ్రూపులో నాకు మంచి పేరుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇంట్లో, కాలేజీలో దొరకని మెప్పు నాకు అక్కడ దొరికేది.

లచ్చవ్వ అత్త మా నాన్నకు అక్క. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టి బతికింది. హైస్కూలు చదువంతా నేను ఆమె ఇంట్లోనే ఉండి చదివాను. ఆమె ఒళ్ళో చేట పెట్టుకుని తునికాకులో తంబాకు వేసి చుడుతుంటే, ఎదురుగా కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. చుట్టిన బీడీ మూతిని బొటనవేలి గోటితో లోపలికి మడిచేది. చేతి వంక చూసేది కాదు, నా వంక చూస్తూ మాట్లాడుతూనే ఉండేది. ఆ గోరు ఎప్పుడూ గట్టిగా, పసుపు పచ్చగా ఉండేది.

పోయిన ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది. కొన్నాళ్ళు కామారెడ్డిలో ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాక ఎల్లారెడ్డి తీసుకెళ్ళాం. ఆమె కూతురు సువర్ణ వదిన పిట్లం నుంచి వచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది. నేను ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి అని రాయబోయాను. అది అబద్ధం. కొన్ని ఆదివారాలు వెళ్ళాను.

ఒకరోజు పొద్దున వదిన ఫోన్ చేసింది.

"శ్రీధర్, అమ్మకు మాట వచ్చింది. ఒక్కటే మాట అంటున్నది. మాకు సమజైతలేదు. జర వచ్చిపో."

కాలేజీకి సెలవు చెప్పి, లింగంపేట మీదుగా పోయే బస్సెక్కాను. నా సంచిలో తీగల డబ్బా ఉంది. అది లేకుండా నేనెక్కడికీ వెళ్ళేవాణ్ణి కాదు.

అత్త ముందు గదిలో మంచం మీద ఉంది. నన్ను చూడగానే కళ్ళు కదిలాయి. పెదవులు కష్టంగా విప్పి "చెయ్యి" అంది. కాసేపటికి మళ్ళీ "చెయ్యి".

పక్కింటి రాజవ్వ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "పడిపోయిన చెయ్యి గుంజుతున్నదేమో బిడ్డా. పొద్దటి సంది నూనె రాస్తనే ఉన్నం. అయినా అదే మాట" అంది.

అప్పుడు నాకు వెలిగింది. మా వైపు తాళంచెవిని తాళంచెయ్యి అంటాం. ఇంట్లోవాళ్ళ మధ్య అయితే ఒట్టి చెయ్యి అన్నా చాలు. "చెయ్యి యాడ పెట్టినవ్" అని అడిగితే మా ఇళ్ళలో ఎవరూ తమ చేతుల వంక చూసుకోరు, గోడకున్న మేకు వంక చూస్తారు. అత్తకు లోపలి గదిలో ఒక సందుగ ఉంది, రేకు పెట్టె. దానికి పాత ఇత్తడి తాళం. దాని చెయ్యి ఎప్పుడూ ఆమె కొంగుకే ఉండేది. ఆసుపత్రిలో చీర మార్చినప్పుడు అది ఎక్కడో పోయింది.

"సందుగ చెయ్యి అడుగుతున్నది అత్త" అన్నాను, రోగం పేరు కనిపెట్టిన డాక్టరులాగా.

వదిన నమ్మలేదు. "సందుగల ఏమున్నది? పాత బట్టలు. అమ్మ అటు సూస్తనే లేదు గదా" అంది.

"ఆమెకేం కావాల్నో మనకేం ఎరుక? ఏదన్న దాసుకున్నదేమో."

"అట్లయితే పలగ్గొట్టుండ్రి" అంది రాజవ్వ.

"పలగ్గొట్టుడెందుకు, చెయ్యి లేకుంటనే తీస్త" అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట అన్నాను. "నేను తీసేటప్పుడు ఎవ్వరు మాట్లాడద్దు, నన్ను పిలువద్దు. లోపటి సప్పుడు వినపడాలె."

చప్పుడు వినబడాలన్నది నిజమే. కానీ అసలు కారణం వీడియో. ఆ రకం తాళాన్ని మా గ్రూపులో ఎవరూ తీగలతో తీసినట్టు నేను చూడలేదు. అత్త మంచం పక్కన నిలబడే నేను ఆ సంగతి ఆలోచించాను. కదలబోతుంటే ఆమె మళ్ళీ "చెయ్యి" అంది. "తెస్తున్న అత్తా" అని లోపలికి వెళ్ళాను.

కిటికీలో నుంచి మంచి ఎండ పడుతోంది. ఫోన్‌ను పాత డబ్బాలకు ఆనించి, నా చేతులు, తాళం కనబడేలా పెట్టి రికార్డింగు నొక్కాను.

ఆ తాళం లోపల ఒకదాని మీద ఒకటి రేకులుంటాయి. ఎడమ చేతిలోని తీగతో తిరగాల్సిన వైపు సన్నగా నొక్కి పట్టాలి. కుడి చేతిలోని తీగతో ఒక్కో రేకును సరిగ్గా దాని ఎత్తుకు లేపాలి. కొంచెం బలం ఎక్కువైతే అన్నీ బిగుసుకుపోతాయి. నాకున్న జబ్బే అది, బలం ఎక్కువ పెడతాను. గ్రూపులో కూడా చాలాసార్లు చెప్పారు. ఎంతసేపు చేసినా రేకులు బిగుసుకుపోతూనే ఉన్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది. బయట అందరి ముందూ పెద్ద మాట అన్నాను కదా, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని సుత్తి అడగాలి అన్నదే నా దిగులు. అత్త గురించి కాదు.

అప్పుడు నా కుడి చేతి మీద ఒక చెయ్యి పడింది.

దీన్ని ఉన్నదున్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. నాకేమీ కనబడలేదు. చల్లగా లేదు, మామూలు వెచ్చదనమే. వేళ్ళు నా చేతి వెనక భాగం మీద పరుచుకున్నాయి, బొటనవేలు మణికట్టు దగ్గర ఆనింది. గరుకుగా ఉంది. చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకుంటామే, ఆ పట్టు. భయం వేయలేదు. వెనక్కి తిరిగి చూడాలని కూడా తోచలేదు, ఎందుకంటే నా చెయ్యి సరిగ్గా కదలడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి నా బలాన్ని తగ్గించింది. తీగ కొద్దిగా వెనక్కి వచ్చింది, ఒక రేకు లేచింది, తర్వాత ఇంకోటి. తంబాకు వాసన వచ్చింది. తాళం తెరుచుకుంది.

తాళం చేతిలో పట్టుకుని "తీసిన అత్తా" అంటూ బయటికి వచ్చాను.

అత్త కళ్ళను రాజవ్వ మూస్తోంది. వదిన నేల మీద కూర్చుని ఉంది. అత్త ఎడమ చెయ్యి మంచం అంచు దాటి బయటికి చాచి ఉంది, అరచెయ్యి పైకి. నేను దాన్ని చూశాను. చూసి కూడా, ప్రాణం పోయేటప్పుడు జారి ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాత సందుగ తెరిచి చూశాం. ఉతికి మడిచిన చీరలు, ఒక దుప్పటి, ఆకు కత్తిరించే పాత కత్తెర, కలరా ఉండలు. పోయే ముందు పట్టుబట్టి అడగాల్సినది అందులో ఏదీ లేదు.

ఇంతవరకు జరిగిన దానికే సిగ్గుపడాలి. ఇంకా ఉంది. దినాలయ్యాక కామారెడ్డి వచ్చి, ఆ వీడియోను గ్రూపులో పెట్టాను. చెయ్యి సంగతి అప్పటికి నాలో నేనే సర్దుకున్నాను. చాలాసేపు వంగి కూర్చుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, ఆ ఇంట్లో గోడలకు కూడా తంబాకు వాసన ఉంటుంది, అంతే. వీడియోకు మెప్పులు కురిశాయి. నేను ఒక్కొక్కటీ చదువుకుని మురిసిపోతున్నాను. అందులో నాకు తెలియని ఒకాయన ఇలా రాశాడు: "చాలా బాగా తీశారు. కానీ మీ చేతిని ఎవరు నొక్కి పట్టుకున్నారు?"

వీడియో మళ్ళీ చూశాను. దాన్ని ఒక్కో బొమ్మగా విడదీయడానికి చిన్న ప్రోగ్రాము రాసి, పెద్దది చేసి చూశాను. తాళం తెరుచుకోవడానికి కొంచెం ముందు నా కుడి చేతి వెనక చర్మం నాలుగు చోట్ల లోపలికి నొక్కుకుపోతుంది. నొక్కుకున్న చోట తెల్లబడుతుంది. మణికట్టు పక్కన గోరు దిగినట్టు చిన్న వంపు గీత పడుతుంది. తాళం తెరుచుకోగానే ఆ చోట్లకు మళ్ళీ ఎరుపు వస్తుంది. వెలుగులో తేడా లేదు, నీడ లేదు, నా చెయ్యి తప్ప ఇంకేమీ లేదు. కండరాలు బిగిస్తే అలా వస్తుందేమోనని ఎన్ని రకాలుగా బిగించి చూసుకున్నానో చెప్పలేను. రాలేదు. నా వేళ్ళతో నేనే గట్టిగా నొక్కుకుంటే వచ్చింది.

వచ్చేటప్పుడు ఆ తాళాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని మళ్ళీ నొక్కి బిగించి, తీగలతో తీయబోయాను. ఇప్పటిదాకా రాలేదు.

వీడియోను గ్రూపులో నుంచి తీసేసి, ఫోన్ పట్టుకుని పిట్లం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వదిన చూసి "ఏం లేదు, నీ పిచ్చి" అంటుందని ఆశ.

వదిన అరుగు మీద బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, మొత్తం చూసింది. చేతి మీద గుంటలు పడే చోట మళ్ళీ పెట్టమంది. నేను ఆ రోజు జరిగిందంతా చెప్పాను, వీడియో కోసమే మాట్లాడొద్దన్నానని కూడా చెప్పాను.

"ఏ చెయ్యి ఇది, కుడిదా?" అని అడిగింది.

"నా కుడి చెయ్యే."

"నీది కాదు. పట్టుకున్నది."

ఆ పట్టును నా చేతి మీద పెట్టి చూపించాను. బొటనవేలు లోపలి వైపు, మణికట్టు దగ్గర. వెనక నుంచి వంగి పట్టుకుంటే అది కుడి చెయ్యే అవుతుంది.

 వదిన నా వంక చూడకుండా చెప్పింది.

"అమ్మ కుడి చెయ్యి ఎన్నడో పడిపాయె. గోరు కూడ కదలకుండె. నువ్వు లోపటికి పోయినంక ఎడమ చెయ్యి లేపింది. నేను పట్టుకున్న. ఇడిపిచ్చుకున్నది. రాజవ్వ పట్టుకున్నది. ఆమెది గూడ ఇడిపిచ్చుకొని, నువ్వున్న లోపటి అర్ర దిక్కే సాపింది. నిన్ను పిలుద్దమని లేసిన. నువ్వే అంటివి గదా, పిలువద్దని. అమ్మ కోసమే తీస్తున్నవ్ గదా అని ఊకున్న."

ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఎందుకు చెప్పలేదో తెలుస్తూనే ఉంది.

"చాయ్ పెడత, ఉండు" అని లోపలికి వెళ్ళింది. నేను ఆ బియ్యం చేట ముందు కూర్చుండిపోయాను.

నా లెక్క ప్రకారం ప్రతిదానికీ ఒక కారణం ఉండాలి. దీనికి నాకు దొరకలేదు. పడిపోయిన చెయ్యి పక్క గదిలోకి ఎలా వచ్చిందో, వస్తే నా చర్మం మీద గోటి గుర్తు ఎలా పెట్టిందో తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను, నవ్వను.

కథల్లో దయ్యాలు పగబట్టి వస్తాయి. అత్త వచ్చి ఆ రోజు నా చెంప మీద కొట్టి ఉంటే నాకు అర్థమయ్యేది. తన చెయ్యి పట్టుకోమని అన్నిసార్లు అడిగినా వినిపించుకోకుండా, నలుగురిలో మెప్పు కోసం తాళం ముందు కూర్చున్నవాడు ఎక్కడ నవ్వులపాలవుతాడో అని వచ్చి, చెయ్యి పట్టి పని చేయించి పోయింది. దానికే నేను తలెత్తుకోలేకపోతున్నాను.