పలిగిన మూడో కడీ

హసన్‌పర్తిల మా ఇంటికీ మా మరిది ఇంటికీ నడుమ, రాతి కడీలు పాతి ముండ్ల తీగ కట్టిన కంచె ఉండేది. ఇద్దరు కొడుకులకు జాగ పంచిననాడు మా మామ కట్టించిండు. తీగ తుప్పుపట్టి తెగింది. పోయిన వానకాలం ఆ సందులకెల్లి మరిది బర్రె వచ్చి నా చిక్కుడు పందిరి మేసింది. మా ఆయన కట్టెతోటి కొడితే దాని కొమ్ము ఇరిగింది.

మరిది గడ్డపార పట్టుకొని ఉరికొచ్చిండు. మొదటి దెబ్బ మా ఆయనకు తాకలే, గేటు కాడి కడీకి తాకి అది పలిగింది. మా ఆయన గడ్డపార గుంజుకొని తిప్పి కొట్టిండు. మరిది వంగిండు, ఇంకో కడీ నడిమికి పలిగింది. గడ్డపార జారిపడ్డది. ఇద్దరు బురదల పొర్లిండ్రు. మరిది మా ఆయన మీద కూసొని మెడ పిసుకుతాండు. ఆయన కాళ్లు కొట్టుకుంటున్నయి, నాలుక బయటికొచ్చింది. నా యారాలు, అంటే మరిది భార్య, అవుతల బర్రె నెత్తురు తుడుస్తాంది. నన్ను చూసినోళ్లు లేరు. గడ్డపార లేపిన. మరిది నెత్తికే ఎత్తిన. బెదిరిద్దామని కాదు. కాలు జారి దెబ్బ చిక్కుడు పందిరి కాడున్న మూడో కడీ మీద పడ్డది, అదీ పలిగింది.

ఆ సప్పుడుకు మరిది తల తిప్పిండు. మా ఆయన ఒక్క తన్ను తన్నిండు. మరిది పోయి ముండ్ల తీగ మీద పడ్డడు, చెవి సగం తెగి వేలాడింది. నేనే కొంగు అదిమిపట్టి ఆటోల దవాఖానకు తీసుకపోయిన. తొవ్వ పొడుగునా "వదినా, చెవి ఉన్నదా?" అని ఒక్కటే అడుగుడు. "ఉన్నది బిడ్డా" అన్న.

పెద్దమనుషులు తీర్పు చెప్పిండ్రు. తీగ, కూలి చెరిసగం. కడీలు మాత్రం ఎవలు పలగ్గొట్టినయి వాళ్లే కొనాలె.

ఖర్చు ఎంతైతదో చూడనీకి వర్ధన్నపేట నుంచి కడీలు పాతే ఆయన వచ్చిండు. సుత్తెతోటి ఒక్కో కడీని కొట్టి వింటాండు. ఖంగుమంటే మంచిది, బద్దుమంటే పలిగింది. కంచెకు ఇటు మా ఆయన, అటు మరిది, ఆయన ఎంబడే నడుస్తాండ్రు. ఒకని చేతుల కట్టె, ఇంకొకని చేతుల గొడ్డలి. ఈసారి కొట్లాట లేస్తే ఇద్దరిట్ల ఒకడే మిగులుతడు.

"ఇరవై రెండిట్ల మూడు పోయినయి. రెండు ఎవలివో చెప్పిండ్రు. చిక్కుడు పందిరి కాడిది ఎవలి మీద రాయాలె?" అన్నడు కడీలాయన.

"వాని మీదనే!" అన్నడు మా ఆయన.

"నీ అయ్య పలగ్గొట్టిండు!" అన్నడు మరిది.

"నా అయ్య నీ అయ్య కాదారా?"

యారాలు అందుకున్నది. "చెవి తెంపినవ్, సాలదా బావా? రాయి గూడ మా నెత్తినే పెడతవా?"

కట్టె లేసింది. మరిది భుజం మీద పడ్డది. మరిది తీగ దాటి గొడ్డలి ఎత్తిండు. కడీలాయన సుత్తె పారేసి మా బాత్రూముల సొచ్చి గొళ్లెం పెట్టుకున్నడు.

"అది నేను కొట్టిన!" అని ఒర్రిన.

గొడ్డలి అట్లనే ఆగింది.

"కడీనా వదినా?"

"నీ నెత్తికే ఎత్తిన. కాలు జారింది."

మరిది చెయ్యి కుట్లు పడ్డ చెవి మీదికి పోయింది. "దవాఖానకు తీసుకపోయింది నువ్వే కద" అన్నడు మెల్లగ. మా ఆయన కట్టె దించి, నన్ను ఎవలో అన్నట్టు చూసిండు.

మరిది పోయి బాత్రూం తలుపు కొట్టిండు. "రా అన్నా, బయటికి రా. రెండు కడీలకే రాయి. మూడోది పీకకు. వదిన వంట చేసుకుంట రోజూ చూడాలె."

కొత్త కంచెల పలిగిన కడీ అదొక్కటే. గుంజితే ఇరుగుతదని దానికి తీగ కట్టలే. మరిది మళ్ల వదినా అనే పిలుస్తాండు. యారాలు కూర గిన్నె తీగ మీదికెల్లి అందిస్తది గని, నా దిక్కు వీపు పెట్టి మాత్రం నిలవడదు.